చెక్క గుర్రాల రంగులరాట్నాన్ని బాగుచేయడంలో నా అనుభవం

హైదరాబాదు శివార్లలోని ఒక వినోదాల పార్కు యాజమాన్యం తమ పాత రంగులరాట్నాన్ని ఒకసారి చూసిపొమ్మని నన్ను పిలిచేనాటికే, దానిని విప్పేసి ఫైబర్ గుర్రాలతో కొత్తది వేయించాలన్న ఆలోచన వారిలో బలంగా ఉంది. వారి వాదనలో న్యాయం లేకపోలేదు. ఫైబర్ గుర్రానికి చెదలు పట్టవు, వానకు అది ఉబ్బదు, ఒకటి విరిగితే అదే అచ్చులో మరొకటి పోయించుకోవచ్చు. అయితే ఆ రాట్నం మీద మూడు వరుసల్లో ఉన్న 24 టేకు గుర్రాల్లో ఏ రెండింటి ముఖాలూ ఒక్కలా లేవు. ఒకదాని చెవులు నిక్కబొడుచుకుని ఉంటే ఇంకొకదాని చెవులు వెనక్కి వాలి ఉన్నాయి. ఒకటి పళ్లు కనబడేలా సకిలిస్తుంటే, దాని పక్కది కళ్లెం లాగినప్పుడు వంచినట్టు మెడ వంచింది. అచ్చు పోయిస్తే పోగొట్టుకునేది దీనినే. రాట్నాన్ని బాగుచేద్దామని, బాగయ్యాక కూడా దాని మీద పిల్లలు ఎక్కి తిరగాల్సిందేనని, ఈ రెండు మాటలు ముందే అనుకుని పని ఒప్పుకున్నాను.

నేను కలప శిల్పాల సంరక్షణ పనిలో ఉన్నాను. నా చేతికి వచ్చేవి ఎక్కువగా గుడి వాహనాలు, పాత ఇళ్ల ద్వారబంధాలు, భోషాణాలు. వాహనాన్ని ఉత్సవాల రోజుల్లో మాత్రమే బయటికి తీసి, మిగతా ఏడాదంతా మండపంలో భద్రంగా ఉంచుతారు. రాట్నం గుర్రానికి ఆ భాగ్యం లేదు. అది రోజూ తిరగాలి, ఎండకూ దుమ్ముకూ ఓర్చుకోవాలి, పిల్లల చెప్పుల కాళ్లను మోయాలి. శిల్పంగా చూస్తే దానిని ముట్టుకోకూడదనిపిస్తుంది. యంత్రంగా చూస్తే అరిగిన ప్రతి భాగాన్నీ మార్చేయాలనిపిస్తుంది. ఈ పనిలో ప్రతి నిర్ణయమూ ఈ రెండింటి మధ్య నలిగింది. చివరికి నాకు ఒక పద్ధతి కుదిరింది: తిప్పే భాగాల విషయంలో భద్రతకు ఏది అవసరమైతే అది నిస్సంకోచంగా మార్చడం, చెక్కిన భాగాల విషయంలో తప్పనిసరి అయితే తప్ప ఉలి పెట్టకపోవడం.

యజమాని గారి తాతగారు ఈ రాట్నాన్ని గుడి వాహనాలు చేసే వడ్రంగులతో చెక్కించి, కొమురవెల్లికీ ఏడుపాయలకూ జాతర్ల కాలంలో బండ్ల మీద తీసుకెళ్లేవారట. ఆయన నాంపల్లి నుమాయిష్‌లో రాట్నాలు చూసి ముచ్చటపడ్డారని వారి ఇంట్లో చెప్పుకుంటారు. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి మారింది. జనవరి 1 నుంచి 45 రోజులు సాగే ఆ ప్రదర్శనలో రాట్నం ఎక్కకుండా పెరిగిన హైదరాబాదీలు తక్కువే. గుర్రాల తీరు చూసినా ఆ ఇంటి మాట నమ్మబుద్ధవుతుంది. ముందుకాళ్లు ఎత్తి దూకే భంగిమ ఇంగ్లండు రాట్నాలది. మెడలోని గజ్జెల పట్టెడ, నుదుటి మీది పతకం, జీను అంచున వేలాడే తామర మొగ్గలు మాత్రం అచ్చంగా మన అశ్వవాహనానివి. ఇంగ్లండులోని కింగ్స్ లిన్ పట్టణంలో ఫ్రెడరిక్ సావేజ్ 19వ శతాబ్దం చివరి భాగంలో ఆవిరితో తిరిగే రాట్నాలు తయారుచేసి ఊరూరి సంతలకూ పంపాడు. అమెరికాలో చార్లెస్ లూఫ్ 1876లో కోనీ ఐలాండ్‌లో నెలకొల్పిన రాట్నంతో అక్కడ ఒక గొప్ప చెక్కడపు సంప్రదాయం ఊపందుకుంది. ఆ సంప్రదాయాలను కంటితో చూసిన చేతులు కావు మనవి. బొమ్మలోనో ప్రదర్శనలోనో చూసిన గుర్రాన్ని తమకు తెలిసిన గుర్రంగా మలచుకున్న చేతులు. అందుకే ఈ రాట్నాన్ని ఏదో విదేశీ నమూనాకు సరిపోయేలా దిద్దాలన్న సలహాలు వచ్చినప్పుడు నేను ఒప్పుకోలేదు.

పని మొదలుపెట్టకముందే ఒక సంగతి నన్ను ఇబ్బంది పెట్టింది. రాట్నం చుట్టూ నిలబడి చూసేవారికి గుర్రాల కుడివైపు కనబడుతోంది, ఆ వైపు చెక్కడం దాదాపు లేదు. జీను ఒక నున్నని పలక, జూలు నాలుగు గీతలు. లోపలికి వెళ్లి ఎడమవైపు చూస్తే గజ్జెలు, మొగ్గలు, పాయలు పాయలుగా ఎగిరే జూలు అన్నీ అక్కడున్నాయి. జనానికి కనబడే వైపు మీదనే చెక్కేవాడు శ్రమ పెట్టడం ప్రపంచమంతటా రాట్నాల పనిలో ఉన్న రివాజు. ఇంగ్లండు రాట్నాలు గడియారపు ముల్లు తిరిగే దిశలో తిరుగుతాయి, కాబట్టి వాటిలో గుర్రం ఎడమవైపు బయటికి ఉంటుంది. నిజం గుర్రాన్ని కూడా ఎడమవైపు నుంచే ఎక్కుతారు కదా. అమెరికా రాట్నాలు దీనికి ఎదురు దిశలో తిరుగుతాయి, అక్కడ కుడివైపు అలంకారం ఎక్కువ. మన రాట్నం చెక్కడాన్ని బట్టి గడియారపు దిశలో, అంటే ప్రదక్షిణ దిశలో, తిరగాల్సింది. కానీ అది అప్రదక్షిణంగా తిరుగుతోంది.

పైన ఉన్న పళ్లచక్రాలను విప్పినప్పుడు సాక్ష్యం దొరికింది. పళ్లు రెండు వైపులా అరిగి ఉన్నాయి. ఒక వైపు అరుగుదల లోతుగా, పాత జిడ్డుతో నల్లబడి ఉంది. రెండో వైపు అరుగుదల తేలికగా, లోహం ఇంకా మెరుస్తూ ఉంది. చాలాకాలం ఒక దిశలో తిరిగి, ఈమధ్య కాలంలో దిశ మారిందన్నమాట. మూడు ఫేజుల మోటారులో ఏ రెండు తీగలు అటూ ఇటూ మార్చినా అది ఎదురు దిశలో తిరుగుతుంది. ఎప్పుడో మోటారు మార్చినవారు ఆ తీగలను సరిచేయడానికి బదులు, వెనక్కి నడుస్తున్న గుర్రాలను ఒక్కొక్కటిగా గొట్టం మీద తిప్పి బిగించారు. చెక్కినవారి పనితనమంతా అప్పటి నుంచి లోపలివైపు చీకటిలో ఉండిపోయింది. ఇది తెలిసిన క్షణంలో నాకు కలిగిన బాధ చిన్నది కాదు. దానిని సరిచేయడం మాత్రం ఎంతో తేలిక.

గుర్రాలను గొట్టాల నుంచి దించి, షెడ్డులో వరుసగా నిలిపి, ప్రతిదానికీ ఒక సంఖ్య, ఒక కాగితం, నాలుగు వైపుల నుంచి ఫొటోలు ఏర్పాటు చేశాం. ఆ తర్వాత రంగు. పైన కనబడేది దళసరి సింథటిక్ ఎనామెల్, దాని కింద ఎన్ని పొరలున్నాయో తెలుసుకోవడానికి జీను కింద, జనం చూడని చోట, రూపాయి బిళ్ల అంత మేర తడిపిన ఎమరీ కాగితంతో మెల్లగా అరగదీశాను. గరుకు తగ్గిస్తూ మధ్యకు లోతుగా, అంచుకు పల్చగా అరగదీస్తే పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడతాయి. ఎరుపు, దాని లోపల ముదురు నీలం, మళ్లీ ఎరుపు, దానికింద మావిచిగురు రంగు, అందులో ఒక సన్నని తెల్ల వలయం, నడిమధ్యన టేకు. ఆ మావిచిగురు రంగే ఈ గుర్రం తొలి జీను రంగు. మరో గుర్రం జీను మీద ఆ స్థానంలో నల్లని పొర వచ్చింది. తడి దూదితో తుడిస్తే అది రంగు కాదు, లోహం. చార్మినార్ గల్లీల్లో మిఠాయిల కోసం సాగగొట్టే వెండి వరఖు వంటిదే అతికించి, పైన పసుపు వార్నిష్ పూసి బంగారంలా మెరిపించారు. వార్నిష్ పగిలినచోట గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడింది.

తెల్ల వలయాన్ని పరీక్షకు పంపితే అందులో సీసం ఉన్నట్టు తేలింది, నేను ఊహించినదే. పాత రోజుల్లో సీసపు తెలుపు, ఇనుము మీద సీసంతోనే చేసే సిందూరం పూయడం మామూలు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకు ముందటి రంగు ఏదైనా అనుమానించాల్సిందే. కాబట్టి పొడిగా గీకడం, మంటతో కాల్చడం రెండూ మానేశాం. తడిపి గీకి, ఆ ముద్దను విడిగా సంచుల్లో కట్టి, మాస్కులు లేకుండా ఎవరినీ షెడ్డులోకి రానివ్వకుండా పని జరిపాం. త్వరగా అయిపోతుందని కాస్టిక్ సోడా తొట్టిలో ముంచుదామన్నవారున్నారు. సోడా రంగుతోపాటు లోపలి బంకను కూడా తినేస్తుంది, కర్రను నల్లబరుస్తుంది, తర్వాత వేసిన రంగును నిలవనివ్వదు.

తొలి రంగును బయటపెట్టి అలాగే ఉంచాలని నా మనసు. కానీ సీసం ఉన్న రంగును పిల్లల చేతులకూ నోళ్లకూ అందేలా ఉంచడం ఏ విధంగానూ సమర్థించలేం. అందుకని గట్టిగా పట్టుకుని ఉన్న పాత పొరను తీసేయకుండా, దాని మీద అసిటోన్‌లో కరిగే పారలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన రెసిన్ పూత వేసి, ఆ పైన అవే రంగుల్లో సీసం లేని కొత్త రంగు వేశాం. రేపు ఎవరైనా తొలి రంగును చూడదలిస్తే, మా రంగు ఆ పూతతోపాటు తొలగిపోతుంది, అడుగు పొర చెక్కుచెదరదు. ఒక గుర్రాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టుగా అద్దాల పెట్టెలో పెట్టాం. దాని పొట్ట సగం పుచ్చిపోయింది, ఇక బరువు మోయలేదు. టికెట్ల గది పక్కన ఇప్పుడు అది తన మావిచిగురు జీనుతో, పెచ్చులూడిన ముఖంతో నిలబడి ఉంది.

కర్ర పనికి ఒక పెద్దాయన తోడు దొరకడం మా అదృష్టం. తరతరాలుగా వాహనాలు చెక్కే కుటుంబం, అందరూ ఆచారి గారనే పిలుస్తారు. ఆయన వచ్చి ముందుగా గుర్రాల పొట్టలను వేలి కణుపులతో తట్టుకుంటూ వెళ్లారు. పొట్ట ఒకే దుంగ కాదు, పలకలను పెట్టెలా అతికించి చెక్కిన బోలు భాగం. బరువు తగ్గడానికి, కర్ర బీటలు వారకుండా ఉండడానికి ఇలా చేస్తారు; ఇంగ్లండు, అమెరికా గుర్రాలూ ఇంతే. అతుకు విడిచినచోట తట్టితే చప్పుడు చితికినట్టు వస్తుంది. విరిగిన మడమ దగ్గర ఆయన ఆగి, "అమ్మా, ఇది బరువుకు విరగలేదు. ఇక్కడ నార అడ్డం తిరిగింది చూడండి" అన్నారు. నిజమే. కాలు వంగినచోట కర్ర నార కాలి పొడవునా కాకుండా అడ్డంగా పోతుంది, అక్కడ దెబ్బ తగిలితే పుటుక్కున విరుగుతుంది. గొట్టానికి వేలాడే గుర్రానికి కాళ్ల మీద బరువే పడదు. పిల్లలు పైకెక్కేటప్పుడు దాని కాలినే మెట్టుగా వాడుకోవడమే అసలు కారణం. అందుకని ప్రతి గొట్టానికి కింద అడుగు పెట్టడానికి ఒక ఇనుప మెట్టు బిగించాం. ఎంత బాగా అతికించిన కాలైనా ఆ మెట్టు లేకపోతే నిలవదు.

ఈ గుర్రాలకు జరిగిన హానిలో ఎక్కువ భాగం కాలం చేసింది కాదు, వెనకటి మరమ్మతులు చేసింది. విరిగిన చోటల్లా ఇనుప పట్టీలు, మేకులు, వాటి మీద రాయిలా గట్టిపడే లప్పం. మన ఊళ్లో మే నెల ఎండలకు కర్రలోని తేమ దాదాపు 7 శాతానికి పడిపోయి, శ్రావణం వచ్చేసరికి 14, 15 దాకా పెరుగుతుంది. కర్ర పొడవులో కదలదు గాని అడ్డంలో ఏడాదికోసారి ముడుచుకుని మళ్లీ ఉబ్బుతుంది. లప్పం కదలదు. రెండింటి మధ్య సందు పడి, అందులో నీరు దిగి, మేకు తుప్పుపట్టి, చుట్టూ కర్ర కుళ్లుతుంది. ఒక గుర్రం వెనకభాగంలో ఇలాంటి లప్పం ముద్దను తొలిచి తీస్తే అడుగున గుండ్రని బెజ్జం, అందులో చెక్క బిరడాకు చుట్టుకుని నాలుగైదు నల్లని వెంట్రుకలు కనబడ్డాయి. ఈ గుర్రాలకు ఒకప్పుడు నిజమైన వెంట్రుకల తోకలు ఉండేవన్నమాట. తోక ఊడినప్పుడు బెజ్జం పూడ్చి దాని మీద తోక బొమ్మ గీశారు. ఆ వెంట్రుకలను కవరులో వేసి ఆ గుర్రం కాగితానికి జతపరిచాం, అన్ని గుర్రాలకూ తిరిగి తోకలు పెట్టాం.

విడిచిన అతుకులను బలవంతంగా ఊడదీయలేదు. పాత బంక సరేసు, అంటే పశువుల తోళ్లు ఉడికించి తీసేది. సన్నని సూదితో అతుకులోకి స్పిరిట్ ఎక్కిస్తే అది ఆ బంకలోని తేమను లాగేస్తుంది, బంక పెళుసుబారుతుంది. అప్పుడు కొయ్య సుత్తితో మెల్లగా తడితే పలక శుభ్రంగా విడివడుతుంది. మళ్లీ అతికించడానికీ సరేసునే వాడాం. కొత్త బంకలు ఇంతకంటే గట్టివి, కాదనను; కానీ సరేసును వేడితో, తేమతో తిరిగి విప్పవచ్చు, తర్వాత ఈ పని చేసేవారికి దారి ఉంటుంది. కాళ్ల అతుకులకు మాత్రం ఎపాక్సీ తప్పలేదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముఖాన్ని ముందుగా అసిటోన్‌తో తుడవకపోతే ఎపాక్సీ కూడా వదిలేస్తుంది. అతుకు వేయడానికి కావలసిన కర్రను బోయిగూడ డిపోల్లో, కూల్చిన ఇళ్ల దూలాల నుంచి ఏరుకున్నాం. ఏళ్ల తరబడి ఆరిన కర్ర కొత్తగా కోసిన దానిలా మెలి తిరగదు, రంగు కూడా పాతదానికి దగ్గరగా ఉంటుంది. పుచ్చు పట్టింది ఎక్కువగా చేవ లేని పైచెక్కలోనే. పిండి రాలుతున్నంత మేర తీసి, మిగతాదానికి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పట్టించాం.

అద్దాల పెట్టెలోకి వెళ్లిన గుర్రం స్థానంలో ఆచారి గారు కొత్తది చెక్కారు. పాతదానికి నకలు చేయమని యాజమాన్యం అడిగింది. ఆయన ఒప్పుకోలేదు, నేనూ ఆయన పక్షమే వహించాను. కొలతలు, జీను వరస పాతవే, ముఖం మాత్రం ఆయనది: ముక్కుపుటాలు విచ్చుకుని, కింది పెదవి కొంచెం జారి, పరుగు ముగించి రొప్పుతున్న గుర్రం. చూసేవారు పాతదని పొరపడకుండా పొట్ట అడుగున చెక్కినవారి పేరు, సంవత్సరం ఉలితోనే వేయించాను.

యంత్రం గురించి కొంత చెప్పాలి. రాట్నం కింద నుంచి నిలబడి ఉన్నట్టు కనబడుతుంది గాని, నిజానికి అది గొడుగులా నడిమి స్తంభం నుంచి వేలాడుతుంది. స్తంభం తల మీద బేరింగు, దాని నుంచి చుట్టూ చాచిన దూలాలు, ఆ దూలాల నుంచి కమ్మీలతో వేలాడే చెక్క వేదిక. బరువంతా ఆ ఒక్క బేరింగు మీదే. స్తంభానికి కదలకుండా బిగించిన పెద్ద పళ్లచక్రం ఒకటి ఉంటుంది. తిరిగే ప్రతి దూలం కింద ఉన్న ఇరుసు కొసన చిన్న పళ్లచక్రం దాని మీద దొర్లుతుంది. ఇరుసు వంకీ తిరిగినచోటల్లా ఒక గుర్రపు గొట్టం వేలాడుతుంది కాబట్టి ఇరుసు తిరిగేకొద్దీ గుర్రం పైకీ కిందికీ ఊగుతుంది. మేము విప్పిన ఇరుసులను పగుళ్లు చూపించే రంగు ద్రవంతో పరీక్ష చేయిస్తే, వంకీల మూలల్లో కంటికి ఆనని వెంట్రుకవాసి పగుళ్లు రెండింటిలో బయటపడ్డాయి. వాటిని మార్చడంలో నాకు రెండో ఆలోచన లేదు. అరిగిన చిన్న చక్రాలను బాలానగర్‌లో గేర్లు కోసే వర్క్‌షాపులో చేయించాం, బేరింగు కొత్తది. మోటారుకు వేగాన్ని నెమ్మదిగా పెంచే వీఎఫ్‌డీ పెట్టించాం, ఎందుకంటే మొదలయ్యేటప్పుడు పడే కుదుపే ప్రతి అతుకునూ కొంచెం కొంచెంగా వదులు చేస్తుంది. ఇప్పుడు నిమిషానికి 5 చుట్లు. స్తంభానికి 4 మీటర్ల దూరంలోని బయటి వరుస గుర్రం ఆ లెక్కన గంటకు 7.5 కిలోమీటర్ల వేగంతో పోతుంది. లోపలి వరుస అందులో మూడింట రెండు వంతుల కంటే తక్కువ. చిన్నపిల్లలను లోపలి వరుసలో కూర్చోబెట్టమని నడిపేవారికి చెప్పింది అందుకే. గుర్రాలు ఎక్కించాక మనుషుల బదులు ఇసుక బస్తాలు కట్టి, ఒకవైపే బరువు పడినప్పుడు కూడా వేదిక ఎంత వాలుతుందో కొలిచి, ఆ తర్వాతే జనాన్ని అనుమతించారు.

పని సగంలో ఉండగా కొందరు వచ్చి రెండు మూడు గుర్రాలను అమ్మమని అడిగారు. ఇస్తామన్న ధర మొత్తం మరమ్మతు ఖర్చుకు తక్కువ కాదు. అమెరికాలో ఇదే జరిగింది. అక్కడ వేలల్లో తయారైన చెక్క రాట్నాల్లో ఎన్నో సంగ్రాహకుల మోజుకు ఒక్కో గుర్రంగా వేలంలో విడిపోయాయి, ఇప్పుడు తిరిగేవి కొన్ని వందలకు మించి లేవు. గుర్రం ఒక్కటే గదిలో నిలబడితే అది అందమైన బొమ్మ అవుతుంది, అంతే; వరుసలో దాని ముందూ వెనకా ఉన్న గుర్రాలతో కలిసి ఊగితేనే చెక్కినవాడు అనుకున్న పరుగు కనబడుతుంది. ఈ మాట యజమాని గారికి వివరంగా చెప్పాను. ఆయన అమ్మలేదు, అందుకు ఆయనకు ఎంతో కృతజ్ఞత చెప్పుకోవాలి.

నడిపేవారికి ఒక రిజిస్టరు ఇచ్చాం. వారానికోసారి బేరింగుకు, ఇరుసులకు గ్రీజు. రోజూ మూసేముందు ప్రతి గుర్రం కాళ్లను చేత్తో తడిమి చూడడం. రాత్రి చుట్టూ టార్పాలిన్ దించడం, అయితే గాలి ఆడేలా కింద జానెడు వదలడం. రంగు లేచినచోట తామే పూయకుండా కబురు చేయడం. పైకప్పు చుట్టూ ఉన్న చెక్క పటాల పని ఇంకా మిగిలి ఉంది. వాటి మీద కోట బురుజులు, తాటిచెట్లు, నెమళ్లు గీసి ఉన్నాయి. రంగు చాలాచోట్ల పెచ్చులుగా లేచింది. ముందు దానిని అదిమి నిలబెట్టాలి, శుభ్రం చేయడం ఆ తర్వాత. దసరా సెలవుల్లోనూ సంక్రాంతికీ రాట్నాన్ని ఆపడానికి వీల్లేదు కాబట్టి, పండుగ దాటాక ఫిబ్రవరిలో పటాలు దించుతాం.